తెరవని మూడు సీసాలు

కుక్కరు పెద్దకోడలి వాటాకి వచ్చింది. దాని మూత చిన్నకోడలి వాటాలో పడింది.

అలా పడాలని ఎవరూ అనుకోలేదు. తెల్లారినప్పటినుంచీ వంటగదిలో గిన్నెలు రెండు కుప్పలవుతున్నాయి. పెద్దకోడలు ఒక్కొక్కటే తీసి, అడుగు గోటితో గీకి చూసి, ఇటో అటో పెడుతోంది. నోరు విప్పడం లేదు. మాట్లాడకుండా కూడా ఇంత చప్పుడు చెయ్యొచ్చని చిన్నకోడలికి ఆ శనివారమే తెలిసింది.

"మూత లేని కుక్కరు ఏం చేసుకుంటావు వదినా?" అన్నాడు చిన్నకోడలి భర్త, గుమ్మానికి ఆనుకుని.

"మీ ఆవిడని అడుగు. లెక్కలన్నీ ఆవిడకే తెలుసుగా. మూత లేని కుక్కరులో అన్నం ఎంతసేపటికి ఉడుకుతుందో కాగితం మీద రాసి సంతకం పెట్టిస్తుంది."

సంతకం అన్న మాట దగ్గర గిన్నె కాస్త గట్టిగా నేలకి తగిలింది.

"నేను బావగారి పేరు ఎక్కడా రాయలేదక్కా," అంది చిన్నకోడలు. నాలుగు రోజుల్లో ఇది పదోసారి అనడం. "నదిలో పురుగులు ఎన్నున్నాయో రాశాను, అంతే."

"పురుగులు చచ్చిపోయాయని నువ్వు రాశావు. మురుగుతొట్టి తాళం ఎవరి దగ్గరుందో మిల్లువాళ్లు రాసుకున్నారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే మా ఆయన పేరు దానంతటదే వస్తుంది. చదువుకున్నదానివి, ఆమాత్రం తెలియదా?"

తెలుసు. అందుకే చిన్నకోడలు తన కుప్పలోంచి కుక్కరు మూత చేతిలోకి తీసుకుంది.

ఆమె పని నదిని లెక్కపెట్టడం. రంగుల మిల్లు కాలవ నదిలో కలిసే చోటుకి పైన ఐదు చోట్ల, కింద ఐదు చోట్ల, మోకాలి లోతు నీళ్లలో నిలబడి మూడు నిమిషాలు కాలితో రాళ్లు కదపాలి. వలలోకి కొట్టుకొచ్చినదంతా సీసాలో వేసి స్పిరిట్టు పొయ్యాలి. తర్వాత లాబులో తెల్ల ట్రేలోకి ఒంపి, పట్టకారుతో ఒక్కో జాతినీ విడదీసి లెక్కపెట్టాలి. మంచి నీళ్లలోనే బతికే మూడు తోకల పురుగు, ఇసుక రేణువులతో గూడు కట్టుకునేది, ఎంత మురికినైనా ఓర్చుకునే ఎర్ర పురుగు. ఆరేళ్లుగా ఇదే పని. పోయిన వారం దాకా ఇంట్లో ముద్దుగా 'పురుగులమ్మ' అనేవాళ్లు.

ఈసారి కాలవకి కింద ఐదు సీసాల్లో మూడు ఒట్టివని తేలింది. ఒక్క పురుగు లేదు. వానల్లో ఎవరో మిల్లు మురుగుతొట్టి గేటు ఎత్తేసి ఉంటారన్నారు. ఆ తొట్టి దగ్గర పదకొండేళ్లుగా పనిచేసేది బావగారు. సోమవారం పొద్దున్న పదింటికి విచారణ. నేరమని తేలితే ఉద్యోగం పోవడమే కాదు, జైలన్న మాట కూడా వినబడుతోంది.

బావగారు మెట్టు మీద కూర్చుని తెగిన చెప్పు కుట్టుకుంటున్నాడు. "తాళం నా దగ్గరే ఉంది," అన్నాడు మంగళవారం, ఇంటికి పంపేసినప్పుడు. ఆ తర్వాత మాట్లాడలేదు. ఆయన బదులు ఆయన భార్యే మాట్లాడుతోంది. నా మొగుడు అలాంటి పని చెయ్యడని వీధి వీధంతా చెప్పి వచ్చింది.

"మరి నేనెవరి వాటా?" అంది అత్తగారు కుర్చీలోంచి. "నన్నూ గోటితో గీకి చూడండి. అడుగు పట్టిందో లేదో."

"మీ వేళాకోళానికేం గానీ, ముందు మీ సంగతి చెప్పండి." పెద్దకోడలు లేచి అలమార తలుపు దగ్గరికి వెళ్లింది. అక్కడ అంటించిన కాగితంలో రోజుకో గడి. అత్తగారు బీపీ మాత్ర వేసుకున్నప్పుడల్లా అందులో టిక్కు పెట్టాలి. "మూడ్రోజులు. ఇదిగో, మూడు గీతలు. ఇల్లు ఇలా తగలడుతుంటే ఈవిడ మాత్రలు మానేశారు!"

"వేసుకున్నానే తల్లీ."

"వేసుకుంటే టిక్కేదీ? గీతలెందుకున్నాయి?"

"నాకేం తెలుసు? నేను పెట్టలేదు."

"మీరు పెట్టక, గోడ మీద బల్లి పెట్టిందా?"

"నేను పెట్టాను," అన్నాడు బావగారు.

అందరూ అటు తిరిగారు. ఆయన సూది చెప్పులోంచి బయటికి లాగుతూ, తలెత్తకుండానే అన్నాడు:

"వేసుకోలేదని కాదు. నేను చూడలేదని. చూడందానికి టిక్కెలా పెడతాను? వేసుకోలేదనీ ఎలా రాస్తాను? అందుకని గీత గీశాను."

"అదేదో నోటితో చెప్పొచ్చుగా!" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు కుక్కరు మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

లాబులో తనతో పాటు లెక్కపెట్టే ఆవిణ్ణి అందరూ కళ్లజోడక్క అంటారు. పది సీసాల్లో నాలుగు ఆవిడ వంతు. పోయిన నెల కంటి ఆపరేషనుకి సెలవు పెట్టింది. ఆ తర్వాత ఒకరోజు టైపు చేసే అతను ఫోను చేశాడు. 'మేడం, కాగితాల్లో గీతలున్నాయి. మిషను గీతని తీసుకోవట్లేదు. ఏం కొట్టమంటారు?'

'గీతంటే ఏమీ లేదని. సున్నా కొట్టెయ్,' అంది తను. చేతిలో కూరగాయల సంచి ఉంది, బస్సు కదులుతోంది.

చిన్నప్పుడు బళ్లో పంతులుగారు అలాగే నేర్పారు. ఏమీ లేకపోతే గీత. లాబులో సున్నా రాయమంటారు. ఆరేళ్లయినా చెయ్యి మాత్రం గీతే గీస్తుంది. తన గీతకి అర్థం తనకి తెలుసు. కళ్లజోడక్క గీతకి అర్థమేమిటో ఏనాడూ అడగలేదు.

మూత భర్త చేతిలో పెట్టి చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికే?" అన్నాడతను.

"లాబుకి."

"వెళ్లనీ," అంది పెద్దకోడలు. "ఇంకా ఏవైనా చచ్చాయేమో, లెక్కపెట్టుకోవాలిగా."

*

సెలవు రోజైనా లెక్కల మాస్టారు లాబులోనే ఉన్నాడు. ఇంట్లో మనవలు అల్లరి చేస్తారని శనివారాలు ఇక్కడికే వచ్చేస్తాడు. ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. ఇప్పుడు వీళ్లు లెక్కపెట్టి ఇచ్చిన పురుగులని కంప్యూటర్లో పోల్చి చూసేది ఆయనే.

"ఏంటమ్మాయ్, వాలకం అలా ఉంది?"

ఆమె ముందు కాగితాల కట్ట విప్పింది. తన గీతలు చిన్నవి, గడికొకటి. కళ్లజోడక్క కాగితంలో మూడు వరసల్లో పైనుంచి కింది దాకా ఒకే పొడుగు గీత. తర్వాత అలమార తెరిచింది. ఆ మూడు సీసాలూ వెనకవైపున ఉన్నాయి. మూత చుట్టూ చుట్టిన టేపు చెక్కుచెదరలేదు.

ఫోను చేసింది.

"తెరవలేదమ్మా," అంది కళ్లజోడక్క. "కంటికి పట్టీ కట్టించుకుని పడుకున్నాను కదా. మిగిలినవి నువ్వు చూస్తావనుకున్నాను. గీత గీసి మరీ వెళ్లానుగా!"

"గీతంటే ఏమీ లేదనుకున్నానక్కా."

"లేకపోతే సున్నా పెడతాం కదే పిచ్చిదానా!"

ఫోను పెట్టేసేసరికి మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. చాలాసేపు తుడిచాడు.

"నాకూ అనుమానం రావాల్సింది," అన్నాడు. "నేనేం చేస్తానో తెలుసుగా. ఏ రెండు సీసాల్లో ఎంత పోలికుందో చూస్తాను. ఒకే జాతులు దగ్గరదగ్గర సంఖ్యలో ఉంటే ఆ రెండూ చుట్టాలు. లేకపోతే పరాయివాళ్లు. అలా చూసి, ఒక్కో సీసానీ ఒక్కో చుక్కగా పటం మీద పెడతాను. చుట్టాలు పక్కపక్కన, పరాయివాళ్లు దూరంగా."

"అవును."

"ఒట్టి సీసాకి, ఒట్టి సీసాకి పోలికేం చెబుతాం? మిషను ఉరిమి చూస్తుంది. అందుకని ప్రతి సీసాలో ఒక ఉత్తుత్తి పురుగుని వేస్తాను. లేని పురుగే, లెక్క నడవడానికి. నీ మూడు సీసాల్లో అదొక్కటే మిగిలింది. మూడు చుక్కలూ పటం మూలకి పోయి ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. అబ్బ, ఎంత గట్టి రుజువు అనుకున్నాను. అది నా పురుగే, అమ్మాయ్. నా పురుగుని చూసి నేనే మురిసిపోయాను."

నవ్వు రాలేదు ఇద్దరికీ.

"ఇప్పుడు తెరిస్తే నిజంగానే ఒట్టివైతే?" అంది ఆమె.

"రాసిందే నిజమవుతుంది. మీ బావగారు మునుగుతాడు."

ఆమె టేపు మీద గోరు పెట్టింది. మాస్టారు ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండు. నీకు ఇంట్లో పెద్ద గొడవుంది. ఇవి కాలవకి కిందవని తెలిస్తే నీ కన్ను ఊరుకోదు. నలిగిన తలకాయని కూడా పురుగంటుంది. తోకలు తెగినదాన్ని కూడా మూడు తోకలదంటుంది."

"నేను అలా చెయ్యను మాస్టారూ."

"చెయ్యవు. నీ కన్ను చేస్తుంది."

ఆమెని బయటికి పంపాడు. తిరిగి పిలిచేసరికి బల్ల మీద ఐదు సీసాలు ఉన్నాయి. అన్నిటికీ ఒకే రకం కాగితం చుట్టి, ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు వేశాడు. టేపులు తీసేశాడు. మూడు తెరవనివి, రెండు కాలవకి పైనవి, తను ఇదివరకే లెక్కపెట్టి సీసాలోకి తిరిగి ఒంపినవి. ఏది ఏదో తెలిసింది ఆయనకే.

"కానీ," అన్నాడు. "తొందరేం లేదు."

శనివారమంతా గడిచింది. ఆదివారం మళ్లీ వచ్చి కూర్చుంది. ట్రేలోకి ఒంపినప్పుడల్లా ముందు బురద, కుళ్లిన ఆకులు. స్పిరిట్టు వాసనకి కళ్లు మండేవి. బురద అడుగున పడేదాకా ఆగాలి. ఆ ఆగడమే ఆమెకి కష్టమైంది.

వరస చూడకుండా ముందు రెండో సీసా తీసింది. అందులో ఆకు ముక్క తిప్పగానే మూడు తోకలది కనబడింది. పక్కనే ఇంకొకటి. ఇది పైనదేలే అనుకుంది. తర్వాత తీసిన నాలుగోదాంట్లోనూ ఉన్నాయి. అయితే ఇది కూడా పైనదే. అంటే మిగిలినవన్నీ ఒట్టివే. పట్టకారు తుడుచుకుని ఐదోది అందుకుంది.

ఐదోదాంట్లో ఆ రెంటికంటే ఎక్కువున్నాయి.

అక్కడ పట్టకారు ఆగింది. రెండు, నాలుగు, ఐదు. పైనవి రెండే కదా?

"మాట్లాడకు," అన్నాడు మాస్టారు పేపరు వెనకనుంచి. "లెక్కపెట్టు."

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి కాగితాలు ఊడదీశాడు. కాలవకి పైనవి ఒకటి, మూడు. వాటిలో మూడు తోకలవి యాభై ఒకటి, నలభై. కిందవి రెండు, నాలుగు, ఐదు. వాటిలో ముప్పై ఎనిమిది, ఇరవై తొమ్మిది, నలభై నాలుగు. ఇసుక గూళ్లు కూడా అన్నిటిలోనూ ఉన్నాయి.

ఆమె నేల మీద కూర్చుండిపోయింది. ఏడుపు వస్తుందనుకుంది. ఆవలింత వచ్చింది. వరసగా మూడు ఆవలింతలు. ఐదు రాత్రుల నిద్ర ఒక్కసారి గుర్తొచ్చింది కాబోలు.

మాస్టారు కొత్త అంకెలు ఎక్కించాడు. ఈసారి మూలకి పోయిన చుక్కలు లేవు. పదీ కలిసి, సంతలో జనంలా ఉన్నాయి.

"ఇప్పుడు పేర్లు కలిపేస్తున్నా చూడు. పది సీసాల్లో ఏ ఐదు పైనవో, ఏ ఐదు కిందవో మనకి తెలియదనుకో. ఐదూ ఐదుగా పంచడానికి నూట ఇరవై ఆరు దారులున్నాయి. అన్నీ పంచి చూస్తాను. పోయినసారి అందులో నాలుగింటికి మాత్రమే అంత తేడా వచ్చింది. ఊరికే అలా రాదు, ఏదో జరిగిందన్నాం. ఇప్పుడు..." మీట నొక్కాడు. "నలభై ఒకటి. కళ్లు మూసుకుని పంచినా మూడింట ఒకసారి ఇంత తేడా వస్తోంది. దీన్ని పట్టుకుని మనిషిని జైల్లో పెట్టలేం."

"అంటే కింద తేడా లేదని రాయనా?"

"అలా రాస్తే మళ్లీ అదే తప్పు. తేడా కనబడలేదని రాయి. ఉన్నవి ఐదేసి సీసాలు. పెద్ద దెబ్బయితే పట్టుకుంటాయి. చిన్న దెబ్బయితే ఐదు సీసాలకి తెలియకుండానే పోవచ్చు. ఎర్ర పురుగు కింద కాస్త ఎక్కువే, అది మొదటినుంచీ ఉన్నదే. అదీ రాయి."

"తప్పెవరిదని రాయను?"

"నీదని రాయి. పక్కన నాది కూడా రాయి. ఉత్తుత్తి పురుగుని పెంచింది నేను."

*

ఆమె ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. గిన్నెలు రెండు కుప్పలుగా అలాగే ఉన్నాయి. మోసుకుపోవడానికి మనసు రాకో, ఆటో దొరక్కో.

నిలబడే చెప్పింది. గీత సంగతి, తన సంగతి, సీసాల సంగతి. తప్పు తనదేనని రెండుసార్లు చెప్పింది.

"అంటే పురుగులు బతికే ఉన్నాయా?" అంది అత్తగారు.

"వలలో పడేదాకా బతికే ఉన్నాయత్తయ్యా. ఆ తర్వాత స్పిరిట్టులో వేసి మేమే చంపాం."

అత్తగారు ఒక్క క్షణం చూసి, పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కుర్చీ కిర్రుమంది. చిన్నకోడలి భర్త కూడా నవ్వాడు. ఆ ఇంట్లో నవ్వు వినబడి ఐదు రోజులైంది.

పెద్దకోడలు నవ్వలేదు. వెళ్లి, చిన్నకోడలి కుప్పలోంచి కుక్కరు మూత తీసింది. బియ్యం కడిగింది. స్టవ్వు వెలిగించింది. అంతా వెనక్కి తిరిగే చేసింది.

"నిన్ను నానా మాటలూ అన్నాను," అంది గోడ వైపు చూస్తూ.

"కొన్నే అన్నావులే అక్కా."

"పైకి కొన్నే. లోపల ఇంకా చాలా అన్నాను."

"లోపలివి నాకు వినబళ్లేదుగా."

"వినబడకుండా ఉంటాయా? గిన్నెలు ఎందుకనుకున్నావు మరి?"

ఈసారి ఇద్దరూ నవ్వారు. పెద్దకోడలు కళ్లు తుడుచుకుని, ఉల్లిపాయలని తిట్టింది. ఉల్లిపాయలు ఇంకా బుట్టలోనే ఉన్నాయి.

బావగారు లోపలికి రాలేదు. మెట్టు మీదే ఉన్నాడు. చిన్నకోడలు సంచి భుజాన ఉండగానే వెళ్లి గుమ్మం దగ్గర నిలబడింది.

"విన్నారుగా బావగారూ?"

"విన్నాను. ఎన్ని అన్నావు?"

"ఏవి?"

"మూడు తోకలవి. కింద సీసాల్లో."

"ముప్పై ఎనిమిది, ఇరవై తొమ్మిది, నలభై నాలుగు."

ఆయన ఆ అంకెలని పెదాలతో పలుక్కున్నాడు. ముఖం రెండు చేతులతో తుడుచుకున్నాడు. చేతులు తీసేసరికి పదేళ్లు తగ్గినట్టున్నాడు.

"నేను చంపేశాననుకున్నానమ్మాయ్."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు.

"ఆ రోజు వాన చూశావుగా. తొట్టి అంచు దాకా వచ్చేసింది. గోడ చెమ్మగిల్లి ఒకచోట పగులు కనబడుతోంది. గోడకి అవతల గుడ్డలు ఉతికే ఆడవాళ్లు పదిహేను మంది ఉన్నారు. మేనేజరుకి ఫోను చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను." ఆగాడు. "గేటు ఎత్తాను. ఇరవై నిమిషాలు. నీళ్లు అడుగున్నర దిగగానే మూసేశాను. నీ కాగితం వచ్చాక నదంతా నావల్లే చచ్చిందనుకున్నాను. ఇంకేం మాట్లాడను?"

లోపల కుక్కరు కూత వేసింది.

"ఇప్పుడు ప్రాణం లేచొచ్చింది," అన్నాడు. గొంతు నిజంగానే తేలికగా ఉంది. "కానీ రేపు నీ కాగితం చూసి వాళ్లు నా తప్పేం లేదని పొమ్మంటారు. పోవచ్చా?"

"నా కాగితంలో పురుగుల సంగతే ఉంది బావగారూ. గేటు సంగతి లేదు."

"అందుకే అడుగుతున్నా. నీ సంచిలో తెల్ల కాగితం ఒకటి ఉంటే ఇవ్వు. నాకు గుర్తున్నది గుర్తున్నట్టు రాసుకుంటాను."

ఆమె సంచి జిప్పు తీసింది.

వెనకనుంచి తడి చెయ్యి ఒకటి వచ్చి సంచి మీద పడింది. పెద్దకోడలు ఎప్పుడొచ్చి నిలబడిందో ఇద్దరూ చూడలేదు.

"ఇవ్వకు," అంది. భర్తవైపు చూడలేదు. "ముందు ఆయన్ని నాకు చెప్పమను."